మిలాక్స్ సరస్సునకు మా పడవ ప్రయాణము

గోదావరి కాలువల గట్టున పుట్టి పెరిగినవారికి పడవను లాగుట యనగానేమో యొకరు చెప్పనక్కరలేదు. పడవ నీటిలో నుండును. గాలి పడిపోయినప్పుడు మనుష్యులు గట్టుమీదికి దిగి, తాడు భుజమునకు తగిలించుకొని, ముందునకు వంగి నడచుచు దానిని లాగుదురు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట చాలకాలము ధాన్యపు బస్తాలును కొబ్బరికాయలును ఆ కాలువలమీదనే పోయెడివి. పెండ్లివారును, సారెతో అత్తవారింటికి పోవు ఆడపడుచులును పడవలలోనే పోయెడివారు. తరువాత రోడ్లును బస్సులును వచ్చి ఆ పడవలను మూలకు నెట్టినవి. వాని చివరి దినములను మా బాల్యమున మేమును చూచితిమి.

అట్టి మాకు, పడవ నేలమీద నుండగా మోటారుబండి దానిని లాగుకొని పోవు వింత 2024వ సంవత్సరము వేసవిలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కనబడినది. మా పెద్దమ్మాయియు అల్లుడును అచ్చట మినియాపోలిస్ నగరపు శివారున కాపురమున్నారు. మేమిరువురము మే నెలలో వారి యింటికి చేరితిమి. ఆ రాష్ట్రమునకు పదివేల సరస్సుల దేశమని పేరు. అచ్చటి బండ్ల నంబరు పలకలమీదకూడ ఆ మాట వ్రాసియుండును. నిజమునకు పది ఎకరములకు తగ్గని సరస్సులే 11,842 కలవని ప్రభుత్వపు లెక్క. చలికాలమున నవి గడ్డకట్టియుండును. వేసవి వచ్చినదా, శుక్రవారము సాయంకాలమున ఉత్తరమునకు పోవు రోడ్డుప్రక్క నిలిచి చూచినచో, రెండు చక్రముల ట్రెయిలరుపై నెక్కిన పడవలు కారుల వెంట బారులు తీరి పోవుచుండును. మొదటి దినమున మావారు వానిని లెక్కింప మొదలిడి నలుబదితో విసిగి మానివేసిరి.

మేము పోవునప్పటికే మా అల్లుడు పదునారడుగుల పొడవుగల పాత అల్యూమినియము పడవ నొకదానిని కొని యింటి ముంగిట నిలిపియుండెను. దానికి నలుబది గుఱ్ఱముల శక్తిగల మోటారును, ఎక్కించుటకు ట్రెయిలరును కలవు. లేనిదెల్ల దానిని లాగు బండియే. ఇంటనున్న రెండు కారులలో నొకటి చిన్నది, లాగుటకు తగదు. రెండవది పాతబడి మార్చవలసిన స్థితిలో నున్నది. దాని స్థానమున నేబండి కొనవలెనన్న ప్రశ్న పుట్టి, ఆ యింట నప్పటికి మూడు వారములనుండి మాటలు తగ్గియుండెను.

అల్లుడు పెద్ద పికప్ ట్రక్కు కావలెననెను. అమ్మాయి వలదనెను. ఇంటి అప్పు తీరుటకు ఇంకను ఇరువది యేండ్లున్నవి, ఇద్దరు పిల్లలున్నారు, పెద్దవానికి ఎనిమిదేండ్లు, చిన్నదానికి నాలుగు. ఒకనాటి రాత్రి వంటింటిలో పాత్రలు సర్దుచు అమ్మాయి మాతో ననెను: “అమ్మా, సంవత్సరములో పది దినములు పడవ లాగుటకై తక్కిన మూడువందల యేబదియైదు దినములును ఆ కొండను తోలుకొని కూరగాయలకు పోవలెనా? నెలనెలా దాని వాయిదా కట్టువారెవరు, దానికి పెట్రోలు త్రాగించువారెవరు?” మరునాడు అల్లుడు పెరటిలో మాతో ననెను: “అత్తయ్యగారూ, చాలని బండిని కొని, అది దారిలో బరువు నాపలేకపోయినచో పిల్లలుకూడ అందులోనే యుందురు గదా!” ఇద్దరి మాటలును సరియైనవే. అందుచేతనే మాకు దిగులు పుట్టినది. ఒకరిది తప్పైనచో సర్దిచెప్పుట సులభము.

ఈ పడవ అల్లునకు ఉట్టి వేడుక యని అమ్మాయి తలచుచుండెను. మాకు మాత్రము వేరొక సంగతి స్ఫురించినది. అల్లుని స్వగ్రామము కోనసీమలో గౌతమీ తీరముననున్న లంక. మా వియ్యంకులు ఏటి యావలనున్న పొలమునకు చిన్న నావలో పోయి వచ్చెడివారు. కొడుకునకు ఎనిమిదవయేట తెడ్డు చేతికిచ్చితిమని పెండ్లినాడు ఆయన గర్వముతో మాకు చెప్పిరి. 2021వ సంవత్సరము మే నెలలో కరోనా మహమ్మారి రెండవ విజృంభణమున ఆయన గతించిరి. ప్రయాణములపై నిర్బంధములుండిన ఆ దినములలో కొడుకు రాలేకపోయెను; తండ్రి చివరి చూపు ఫోనులోనే దక్కినది. ఇప్పుడు మా మనుమనికి ఎనిమిదవ యేడు వచ్చినది. అల్లుడు ఈ మాట నెవరితోను అనలేదు. మేమును అనలేదు. అది అతడు చెప్పవలసిన మాటయే గాని మేము చెప్పదగినది కాదు.

ఆ వారాంతమున అందరమును బండ్ల అంగళ్ళకు పోయితిమి. మొదటి అంగడిలోని యువకుడు, పడవ యనగానే మమ్ములను ఎత్తైన ట్రక్కు కడకు కొనిపోయి, ఇంతకంటె చిన్నదానితో పడవ మాట తలపెట్టవలదనెను. దానికి గాలను పెట్రోలునకు ఇరువది మైళ్ళ చుట్టుప్రక్కల మాత్రమే నడకయట. అచ్చటి గాలను మన లెక్కలో సుమారు 3.8 లీటర్లు. దానిపై కెక్కుటకే మాకు అల్లుని చేయి కావలసివచ్చినది.

రెండవ అంగడిలో అమ్మాయి యొక చిన్న కారును చూపినది. అది హోండావారి సి.ఆర్.-వి., హైబ్రిడ్ జాతిది, 2023వ సంవత్సరపు నమూనా. అది లాగదగిన బరువు 1,000 పౌండ్లని, అనగా సుమారు 454 కిలోలని, దాని పుస్తకమున వ్రాసియున్నది. పడవ నమ్మినవాడు పడవ బరువు 700 పౌండ్లని చెప్పియుండుటచే, మూడువందల పౌండ్ల వెసులుబాటున్నదిగదా యని అమ్మాయి సంతోషించి బయానా ఇచ్చుటకు సిద్ధపడినది. అల్లుడు మాటాడక తల దించుకొనియుండెను. ఎందుకో మావారు, “ఒక్క రాత్రి ఆగుడు, బండి యెక్కడికిని పోదు” అనిరి. ఆ మాటయే మమ్ములను రక్షించినది.

ఆ సాయంకాలము పొరుగింటి ముసలాయన కంచె కావలనుండి మా చర్చ విని ఒక్క ప్రశ్న వేసెను: “పడవను తూచినారా?” ఎవరును తూచలేదు. ఆయన తన పాత ట్రక్కునకు మా పడవను కట్టి, అల్లుని వెంటబెట్టుకొని, లారీలు తూచు కాటాకడకు పోయెను. మావారును కూడ పోయిరి. పడవలో ప్రయాణమునాడు ఉండవలసినవన్నియు, బ్యాటరీ, పెట్రోలు డబ్బా, లంగరు, ప్రాణరక్షక కవచములు, గాలములు, చెక్క తెడ్లు, ఏదియు తీయక అట్లే ఉంచి, ట్రక్కును విప్పి పడవను ట్రెయిలరుతో మాత్రము కాటాపై నిలిపి తూచిరి. అది 1,420 పౌండ్లు తూగినది. అనగా 644 కిలోలు. అమ్మినవాడు చెప్పినదానికి రెండింతలు! అతడు వట్టి పడవను మాత్రము లెక్కించి చెప్పినట్లున్నాడు. మోటారు వేరు, ట్రెయిలరు వేరు, సామాను వేరు. అన్నియు కలసి రోడ్డుమీద నొక్క బరువే.

ఆ కాగితమును చేత బట్టుకొని అమ్మాయి చాలసేపు మాటాడలేదు. తాను కొనబోయిన కారు 1,000 పౌండ్లకు మించి లాగరాదు. మా పడవవంటి చిన్నవాని ట్రెయిలరునకు సాధారణముగా బ్రేకులుండవు. వెనుకనున్న బరువునుకూడ కారు బ్రేకులే ఆపవలెను. లాగు శక్తికంటె ఆపు శక్తి ముఖ్యమని ఆ రాత్రి మాకు తెలిసినది. అట్లే మొదటి అంగడివాని మాటయు నిలువలేదు. 1,420 పౌండ్లకు ఆ పెద్ద ట్రక్కు అక్కరలేదు. ఒకరు సగము చెప్పిరి, ఒకరు రెండింతలు చెప్పిరి. కాటా మాత్రము ఉన్నది చెప్పినది.

నాటినుండి భార్యాభర్తలు ఒకే బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వ్రాయసాగిరి. మాకు కావలసినదియు నదియే. అచ్చట దొరకు బండ్లలో పెట్రోలు పొదుపు చేయుచు ఈ బరువును లాగగలవి మూడు నిలిచినవి. టొయోటావారి రావ్ 4 హైబ్రిడ్ 1,750 పౌండ్లు లాగును. గాలనుకు సుమారు 40 మైళ్ళు నడచును. ఫోర్డువారి మావెరిక్ అను చిన్న ట్రక్కు, 2022వ సంవత్సరపు హైబ్రిడ్ నమూనా, 2,000 పౌండ్లు లాగును; 37 మైళ్ళు నడచును. టొయోటావారి సియన్నా యను బండి, 2021వ సంవత్సరపు నమూనానుండి హైబ్రిడ్‌గానే వచ్చుచున్నది. అది 3,500 పౌండ్లు లాగును, నాలుగు చక్రములును త్రిప్పు రకము 35 మైళ్ళు నడచును. మన లెక్కలో లీటరుకు పదునైదు కిలోమీటర్లన్నమాట.

ఈ హైబ్రిడ్ బండ్ల మర్మమును అల్లుడు మాకు చెప్పెను. మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు కదలికలోని శక్తి వేడియై వృథా పోవును. ఈ బండ్లు దానిలో కొంత భాగమును విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచుకొని, మరల కదలునప్పుడు వాడుకొనును. ఇల్లాలు వండబోవు బియ్యములోనుండి పిడికెడు తీసి వేరుకుండలో వేసి, కరవునాటికి దాచినట్లు. ఆగి ఆగి కదలు నగరపు ప్రయాణములలో ఈ పొదుపు బాగుగా కనబడును. ఆగకుండ పోవు దూరప్రయాణమున దాచుకొనుటకు సందు తక్కువ. అచ్చట పెట్రోలును హరించునది గాలి. వేగము రెండింతలైనచో గాలి అడ్డగించు బలము నాలుగింతలగును.

సియన్నా పేరు రాగానే అల్లుని ముఖము చిన్నదైనది. అది మినీ వ్యాను. ఏడుగురు కూర్చుండు కుటుంబపు బండి. పిల్లలను బడికి దింపు తల్లులు తోలు బండియని అచ్చటి మగవారికి దానిపై చిన్నచూపు. పడవ కట్టుకొని పోవువారు ట్రక్కులలో పోవుచుండగా తాను వ్యానులో పోవుటయా యని అతని బాధ. అమ్మాయి నవ్వలేదు. కాగితము ముందుకు జరిపి శాంతముగా లెక్క చెప్పినది.

“మనము సంవత్సరమునకు 12,000 మైళ్ళు తిరుగుదుము. అందులో పడవతో పోవునది నాలుగు ప్రయాణములు, ఎక్కువైన 800 మైళ్ళు. ట్రక్కైనచో ఏటికి 600 గాలనులు. వ్యానైనచో సుమారు 343. పడవ లాగునప్పుడు కొంత ఎక్కువ తాగునని మరి పదో పదునైదో కలుపుకొందము. గాలను మూడు డాలర్లకు తక్కువ లేదు. ఏటికి 700 డాలర్లకు పైగా మిగులును. అదిగాక, అమ్మయు నాన్నగారును వచ్చినప్పుడు మనమారుగురము. రావ్ 4లో ఐదుగురమే పట్టుదుము. మావెరిక్‌లోను అంతే. పడవ వచ్చి అమ్మమ్మ ఇంటిలో మిగిలిపోవలెనా?”

అల్లుడు చాలసేపు ఆ అంకెలను చూచి, “మూడువేల అయిదువందలలో పదునాలుగువందల యిరువది, సగమునకు తక్కువే” అని తనలో తాననుకొనినట్లు అనెను. బండి తన శక్తిలో సగముతో లాగుచున్నచో బ్రేకులకును యంత్రమునకును శ్రమ తక్కువ. తన భయము తీరినది. భార్య లెక్కయు నిలిచినది. మూడేండ్లు వాడిన సియన్నా నొకదానిని జూన్ నెలలో కొనిరి. లాగు కొక్కెమును, వెనుక దీపములకు తీగెలును తెలిసినవారిచేత వేయించిరి.

బండి కొనుటతో పని ముగియలేదు. మొదట దగ్గరనున్న మిన్నెటోంకా సరస్సునకు పోయితిమి. రాజమార్గమున గంటకు 60 మైళ్ళ వేగమున పోవుచుండగా వెనుకనున్న పడవ పాము తోకవలె ఇటునటు ఊగసాగెను. వ్యానుకూడ దానితో ఊగెను. మనుమరాలు ఏడ్చినది. మేము కన్నులు మూసికొని గోదావరి తల్లిని తలచుకొంటిమి. అల్లుడు బెదరక, బ్రేకు త్రొక్కక, యంత్రముమీదినుండి కాలు తీసి, చక్రమును తిన్నగా పట్టుకొనెను. వేగము తగ్గిన కొలది ఊపు తగ్గినది. ఇట్టి సమయమున గబాలున బ్రేకు త్రొక్కుటయు, చక్రమును ఇటునటు త్రిప్పుటయు ప్రమాదకరము.

ఇంటికి మెల్లగా చేరి కారణము వెదకితిమి. ట్రెయిలరు ముందు కొస బండి కొక్కెముపై ఎంత బరువు మోపుచున్నదో చూడవలెనట. మొత్తము బరువులో నూటికి పదినుండి పదునైదు వంతులు అచ్చట పడవలెను. స్నానపుగదిలో మనుష్యులు తూచుకొను చిన్న కాటాను తెచ్చి, చెక్కదిమ్మపై పెట్టి, ట్రెయిలరు కొసను దానిపై దింపితిమి. డెబ్బది పౌండ్లే చూపినది. ఉండవలసినది 142కు తక్కువ కారాదు. బ్యాటరీయు లంగరును పెట్రోలు డబ్బాయు వెనుక ప్రక్కననే కుప్ప వేసియుండుటయే కారణము. కావడి మోయువాని కెవరును ఈ పాఠము చెప్పనక్కరలేదు. ఒక కుండ బరువైనచో అడుగు తడబడును. సామానునంతయు ముందునకు జరిపి కట్టిన పిమ్మట 150 చూపినది. ఆ తరువాత పడవ మరల ఊగలేదు.

వెనుకకు నడుపుటయు నొక విద్యయే. కారు చక్రము కుడికి త్రిప్పినచో ట్రెయిలరు ఎడమకు పోవును. అల్లునకు ఇది ఎంతకును పట్టుబడలేదు. ఆదివారము ఖాళీగానున్న ఒక బడి ఆవరణమున ఇద్దరును అభ్యాసము చేసిరి. చేతిని చక్రము క్రింది భాగమున నుంచి, చేయి ఎటు జరిపిన ట్రెయిలరు అటు పోవునని జ్ఞాపకముంచుకొన్న అమ్మాయి అరగంటలో నేర్చుకొన్నది. నాటినుండి పడవను నీటిలోనికి దింపునప్పుడు వ్యాను తోలునది అమ్మాయియే. రేవులో ట్రక్కులవారు నిలిచి చూచెడివారు.

జూలై నెలలో నొక శనివారము తెల్లవారకమునుపే మిలాక్స్ సరస్సునకు బయలుదేరితిమి. అది నగరమునకు ఉత్తరమున సుమారు నూరుమైళ్ళు. పులిహోర, పెరుగన్నము, ఆవకాయ కట్టుకొంటిమి. 169వ నంబరు రాజమార్గము ఎల్క్ రివర్, ప్రిన్స్‌టన్, మిలాకా, ఒనామియా ఊళ్ళమీదుగా పోవును. మొదట జొన్నచేలవలె కనబడు మొక్కజొన్న చేలు, తరువాత దేవదారువంటి చెట్ల అడవులు. అల్లుడు 60 మైళ్ళు దాటనీయలేదు. పడవ పొట్టిదై వ్యాను వెనుక దాగియుండుటచే గాలి దానిని అంతగా తాకదు. పోయి వచ్చిన పిమ్మట పెట్రోలు లెక్క చూడగా గాలనుకు 24 మైళ్ళు నడచినది. ఒంటరిగా పోయినప్పటికంటె తక్కువే. ఐనను ఆ పెద్ద ట్రక్కు వట్టిగా పోవునప్పటికంటె ఎక్కువ.

దారిలో సరస్సు పడమటి యొడ్డుననున్న మిలాక్స్ ఇండియన్ మ్యూజియము చూచితిమి. ఈ ప్రాంతము ఓజిబ్వే అను ఆదివాసుల నివాసము. వారి ప్రజ యిప్పటికిని అచ్చటనే యున్నది. వారు బూర్జచెట్టు పట్టతో నావలు కట్టెడివారు. ఒక సరస్సునుండి మరియొకదానికి పోవలసినప్పుడు ఆ తేలిక నావను భుజములపై నెత్తుకొని నడచెడివారు. వారి ఆహారములో ముఖ్యమైనది మనోమిన్. దీనిని అచ్చటివారు అడవి వరి యందురు గాని అది మన వరి జాతి కాదు. నీటిలో మొలచు వేరొక గడ్డి. వేసవి చివర నావలో ఇద్దరు పోయి, ఒకరు గడతో నావను నడపుచుండగా, రెండవవారు రెండు పుల్లలతో కంకులను వంచి తట్టుదురు. గింజలు కొన్ని నావలో రాలును. కొన్ని నీటిలో రాలి మరుసటి యేటికి విత్తనమగును. ఆ సంగతి వినుచు మేమిరువురము మన కోతల రోజులు తలచుకొంటిమి.

మిలాక్స్ సుమారు 200 చదరపు మైళ్ళ సరస్సు. ఆవలి యొడ్డు కనబడదు, సముద్రమనియే తోచును. ఇంత పెద్దదైనను లోతు మాత్రము తక్కువ. అందుచేత గాలి వీచినచో అలలు త్వరగా లేచును. ఆనాడు గాలి లేదు. రేవులో పడవ దింపకమునుపు మనుమని కొక ఉద్యోగ మిచ్చిరి. పడవ అడుగున నీరు పోవుటకొక రంధ్రము, దాని కొక బిరడా కలవు. ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము రోడ్డుమీద పోవునప్పుడు బిరడా తీసియుంచవలెను. ఒక సరస్సులోని నీరు మరియొక సరస్సునకు చేరరాదు. ఆ నీటితో జీబ్రా మస్సెల్ అను గోరంత ఆల్చిప్పలు వ్యాపించును. పరదేశపు ఓడల నీటితో అమెరికాకు వచ్చిన ఆ ప్రాణి 2005లో మిలాక్స్‌లోను కనబడినది. కావున బిరడాను దారి పొడవున మనుమడు జేబులో నుంచుకొనెను. నీటిలో దింపునప్పుడు దానిని మరల బిగించుట మరచినచో పడవ నిండిపోవును. వాడు బిగించి, తండ్రిని పిలిచి చూపించి, తరువాత మరియొకసారి తానే చూచుకొనెను.

పదేండ్లకు లోబడిన పిల్లలు నడచుచున్న పడవలో ప్రాణరక్షక కవచము తొడుగుకొనియే యుండవలెనని అచ్చటి చట్టము. మేము పెద్దలమును తొడుగుకొంటిమి. మోటారు పావుగంట నడచినది. ఒడ్డు సన్నని గీతయైన చోట అల్లుడు దానిని ఆపెను. చప్పు డుడిగినది. దూరమున లూన్ అను నీటిపక్షి ఒకటి దీర్ఘముగా కూసెను. అల్లుడు తెడ్డు తీసి కుమారుని చేతికిచ్చి, వాని వెనుక కూర్చుండి, చేతులపై చేతులుంచెను. “గట్టిగా పట్టుకొనకు. నీటిని కొట్టవద్దు, నెట్టవలెను. తాతయ్య నాకు ఇట్లే చెప్పిరి” అనెను. పిమ్మట, “నాకును అప్పుడు ఎనిమిదేండ్లే” అనెను.

అమ్మాయి అతని వంక చూచినది. ఆమె కప్పుడు తెలిసినది. ఆమె యేమియు అనలేదు. చిన్నదానిని ఒడిలోనికి లాగుకొని, మొగము నీటివైపు త్రిప్పుకొన్నది. మావారు కండ్లద్దములు తుడుచుకొనిరి. మనుమడు మాత్రము, “నాన్నా, నేనే తోయుచున్నానా, నీవు తోయుచున్నావా?” అని అడిగెను. “నీవే” అని అల్లుడు చేతులు తీసివేసెను. పడవ కొంచెము ప్రక్కకు తిరిగినను ముందుకే పోయినది.

ఆ రాత్రి ఇంటికి తిరిగివచ్చునప్పుడు ముందు సీటులోని వారిరువురును మెల్లగా మాటాడుకొనుచునే యుండిరి. ఏమి మాటాడుకొనిరో మాకు వినబడలేదు. వినవలెనని మేమును ప్రయత్నింపలేదు. 

సోదరీమణులారా! మనలో పడవ కొనువారు తక్కువ. ఐనను పిల్లలు దూరదేశములలో నున్న యిండ్లలో ఇట్టి ప్రశ్నలు వచ్చుచునే యుండును. అప్పుడు తల్లిదండ్రుల నడుగుదురు. మేము నేర్చుకొన్న కొద్దిపాటి సంగతులు ఇవి. లాగవలసినదానిని నిండు సామానుతో కాటాపై తూపించుడు; అమ్మువాని నోటి లెక్క నమ్మకుడు. బండి పుస్తకమున వ్రాసిన హద్దు చూడుడు; ఒకే పేరుగల బండికి దేశమునుబట్టియు, సంవత్సరమునుబట్టియు ఆ హద్దు మారవచ్చును. హద్దును అంటకుండ వెసులుబాటు ఉంచుకొనుడు. ఏడాదిలో ఎన్నిదినములు లాగుదురో, ఎన్నిదినములు ఊరక తిరుగుదురో వ్రాసి చూచి, ఎక్కువ దినముల కేది పొదుపో దానినే కొనుడు. బరువు ముందు వెనుకలు సరిచూచుడు. మెల్లగా పోవుడు.

మేము అక్టోబరులో స్వదేశమునకు తిరిగివచ్చితిమి. ఆ వ్యాను ఇప్పుడు పిల్లలను బడికి దింపుచున్నది, కూరగాయలు తెచ్చుచున్నది. మంచు కురిసినప్పుడు పడవకు గుడ్డ కప్పి పెరటిలో నుంచుదురు. బిరడా మాత్రము మా మనుమని పుస్తకముల బల్లమీదనే యుండునట.